తంగరాజ్ గారి అవసరం

డెల్టా స్ట్రక్చరల్స్‌లో చేరిన మొదటిరోజే ప్రమీలారాణికి తగువు ఎదురైంది. ఇంకా కుర్చీలో కుదురుగా కూర్చోనేలేదు, ఇనుప రజను అంటిన చేత్తో ఒక పొడుగాటి మనిషి వచ్చి బల్ల మీద డ్రాయింగు పెట్టాడు. "అవసరం" అన్నాడు. అనేసి వెళ్లిపోయాడు.

ప్రమీలకి ఒళ్లు మండింది. అవసరమని వేరే చెప్పాలా? అవసరం లేని డ్రాయింగు ఏ కంపెనీలోనైనా గీయిస్తారా? గుంటూరు పాలిటెక్నిక్‌లో మగపిల్లల మధ్య కూర్చుని డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి వచ్చిన తనకి ఆ మాత్రం తెలియదనుకున్నాడు కాబోలు. ఆ డ్రాయింగుని తీరిగ్గా కట్ట అడుగున పెట్టింది. మధ్యాహ్నం మళ్లీ వచ్చిన ఆ మనిషి, అది ఇంకా అడుగునే ఉండటం చూసి గుడ్లు తేలేశాడు.

అతని పేరు తంగరాజ్. తిరుచిరాపల్లి నుంచి వచ్చి ఏడాదైంది, షెడ్డులో సూపర్వైజరు. అతనొక్కడే పైరాష్ట్రం వాడు అనుకునేరు. యజమాని ప్రకాశరావు కొల్లిపర రైతు. పసుపు అమ్మి తెనాలిలో ఇనుప కంపెనీ పెట్టాడు గాని, ఆ పని తెలిసినవాళ్ల కోసం దేశమంతా గాలించాల్సి వచ్చింది. వెల్డింగు మేస్త్రీ వర్గీస్‌ది కొట్టాయం. క్రేను నడిపే బల్బీర్ సింగ్‌ది జలంధర్. తెలుగు అందరికీ వచ్చు, ఎవరి తెలుగు వాళ్లది. రైసు మిల్లులకీ గిడ్డంగులకీ పైకప్పు చట్రాలు చేసే షెడ్డు అది. సుత్తుల మోతలో ఎవరి మాట ఎలా ఉందో పట్టించుకునే తీరిక ఎవరికుంది?

తగువు తగువుగానే ఉండిపోతే ఈ కథే లేదు. ప్రమీల గీసిన గీత చూసి తంగరాజ్ ఇంకో మనిషయ్యాడు. ఆమె ప్రింటు వస్తే షెడ్డులో సందేహాలు అడిగేవాడే లేడని అందరి ముందూ అన్నాడు. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్తూ రైల్లో ఊరికే నవ్వుకుంది. తర్వాత అతనికి ఆమె కిటికీ దగ్గర తరచూ పని పడసాగింది. చూసి చూడనట్టు చూడటంలో ఇద్దరూ సమానంగా ఆరితేరారు.

ఒక సాయంత్రం కుండపోతగా వాన. రేపల్లె పాసింజరు వెళ్లిపోతుందని ప్రమీల గుమ్మంలో నిలబడి గిలగిలలాడుతోంది. తంగరాజ్ దగ్గర గొడుగు లేదు. షెడ్డులోంచి ఒక రేకు ముక్క తెచ్చి ఇద్దరి నెత్తినా పట్టాడు. రేకు మీద వాన చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడితే ఒట్టు. అయినా స్టేషను దాకా ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. రైలెక్కి కూర్చున్నాక ప్రమీలకి ఒకటే తెలిసింది, ఈ మనిషి లేకుండా తనకి బాగుండదని.

ఆ కార్తీకంలోనే ప్రమీల వాళ్ల ఊరు రేపల్లెలో ఒక రైసు మిల్లు పైకప్పు పని వచ్చింది. తంగరాజ్ ఆదివారం కూడా అక్కడే ఉండిపోయి, లూథరన్ చర్చికి వెళ్లాడు. ప్రమీల వాళ్ల ఇంట్లోనూ అదే మతం. ప్రమీల తండ్రి దేవదానం మాస్టారు అతన్ని భోజనానికి పిలుచుకొచ్చాడు. మాస్టారు మిషన్ స్కూల్లో తెలుగు చెప్తాడు. కూతురి ముఖం చదవడానికి ఆయనకి నిఘంటువు అక్కర్లేదు. ప్రమీల తల్లి కాంతమ్మ కోడి కూర వడ్డించింది, మాస్టారు మజ్జిగ దాకా ఓపిక పట్టాడు. అప్పుడు నిదానంగా, పిల్లలిద్దరి మనసూ తనకి తెలిసిందనీ, తనకి అభ్యంతరం లేదనీ చెప్పి, అసలు మాట అడిగాడు.

"మరి మీ అమ్మగారికి ఉత్తరం రాయమంటారా బాబూ?"

తంగరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని ఎంతో మర్యాదగా అన్నాడు.

"దానికి అవసరం లేదండి."

వంటింటి తలుపు వెనక ప్రమీల చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఇంట్లో పెద్దల దాకా పోనివ్వనన్నవాడికి పిల్ల మీద మనసు లేనట్టేనని మాస్టారు తేల్చుకున్నాడు. చేతికి నీళ్లిచ్చి, తాంబూలమిచ్చి, మర్యాదగా సాగనంపాడు. ఎప్పటినుంచో అడుగుతున్న బాపట్ల సంబంధం వాళ్లకి ఆ సాయంత్రమే కబురు వెళ్లింది. అబ్బాయి అక్కడ కాలేజీలో గుమాస్తా. వచ్చే ఆదివారం పిల్లని చూసుకుని, అప్పుడే మాట ఖాయం చేసుకుంటారు. పెళ్లయ్యాక పిల్ల ఇనుప కంపెనీకి వెళ్లడం కుదరదని వాళ్లు ముందే చెప్పారు.

ప్రమీల ఏడవలేదు. ఏడిస్తే ఆ మనిషి గెలిచినట్టని పంతం పట్టింది. కాని వారమంతా ఆమె గుండెలో ఇనుప ముక్క పెట్టుకున్నట్టే తిరిగింది. ప్రేమా పోయె, ఉద్యోగమూ పోయె. పైగా ఆ మహానుభావుడు ఏమీ ఎరగనట్టు రోజూ కిటికీ దగ్గరికొచ్చి పళ్లికిలిస్తున్నాడు. ఆమె కిటికీ మూసేసింది.

శనివారం వచ్చింది. చట్రాలెత్తుకున్న లారీ ఆఖరి ప్రింటు కోసం గేటు దగ్గర నిలబడి ఉంది. తంగరాజ్ పరుగున వచ్చి ఆఖరి డ్రాయింగు ఆమె ముందు పెట్టి, ఎప్పటిలాగే అవసరమన్నాడు. వర్గీస్ మేస్త్రీ ప్రింటు కోసం గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు.

"నాకు అవసరం లేదు" అంది ప్రమీల, కలం కింద పెట్టి.

తంగరాజ్ బిక్కమొహం వేశాడు. గేటు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"సరే, మీకు అవసరం లేకపోతే సోమవారం ఇవ్వండి. లారీని నేను ఆపుతాను."

ప్రమీలకి ఏదో పొసగలేదనిపించింది. అవసరం లేకపోతే అసలు వద్దనాలి గాని, సోమవారం ఇవ్వమంటాడేంటి? వచ్చిన రోజునుంచీ ప్రతి కాగితం మీదా ఈ మాట అంటున్నాడు. తనకి ఎప్పుడూ అది తిక్కగానే వినపడింది. ఆమె లేచి నిలబడింది.

"తంగరాజ్ గారూ, మీ అరవంలో అవసరమంటే ఏంటి?"

"అవసరమంటే అవసరమే. త్వరగా కావాలి. ఏమంటారు మీరు... తొందర."

"మరి మా నాన్నగారికి ఏం చెప్పారు మీరు?"

"తొందర లేదని చెప్పాను. క్రిస్మస్‌కి ఊరెళ్లి మా అమ్మకి నేనే నోటితో చెప్పాలి కదా. ఆ తర్వాత మాస్టారు రాస్తే బాగుంటుందని..." ఆమె ముఖం చూసి అతని మాట సన్నగిల్లింది. "ఎందుకు? ఏం చెప్పానని అనుకున్నారు?"

అక్కర్లేదని చెప్పారని ఆమె అంది. రేపు బాపట్ల నుంచి పెళ్లివాళ్లు వస్తున్నారని కూడా అంది. తంగరాజ్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఇనుప దూలాలు మోయించే మనిషి ఒక్క మాటకి తెల్లబోయి అలా నిలబడితే ప్రమీలకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వారం నుంచి ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది.

వర్గీస్ గుమ్మంలోంచే కల్పించుకున్నాడు. తమ మలయాళంలో అవసరమంటే ఇంకోటట, ఛాన్సట. అతనికి ఒక అవసరం ఇచ్చి చూడమని ప్రమీలకి సిఫార్సు చేసి, తన మాటకి తనే నవ్వుకున్నాడు.

ప్రమీల కళ్లు తుడుచుకుంది. ముందు డ్రాయింగు పూర్తి చేసింది, పని పనే. లారీ కదిలింది. ప్రకాశరావు సంగతి విని, సాయంత్రం బండికి ఇద్దరినీ పంపించాడు.

రేపల్లెలో దేవదానం మాస్టారు వరండాలో కూర్చుని అంతా విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. ఇన్నేళ్లుగా తెలుగు చెప్తూ, ఆ మాటకి ఇంకో ఇంట్లో ఇంకో అర్థం ఉంటుందని తనకి తోచనే లేదని ఒప్పుకున్నాడు. కాని ఆయన ముఖం విచ్చుకోలేదు.

"ఒక్క మాటకే ఇంత ముప్పు వచ్చింది బాబూ. భాష తెలియని ఇంటికి పిల్లనెలా పంపను? రేపు ఇలాంటిది ఇంకోటి వస్తే?"

"వస్తుందండి" అన్నాడు తంగరాజ్. "అప్పుడు కూడా ప్రమీలే కనిపెడుతుంది."

మాస్టారు తలెత్తి అతన్ని చూశాడు. తంగరాజ్ ఊపిరి పీల్చుకుని, ఈసారి ఒక్కో మాటా తూచినట్టు చెప్పాడు.

"మీ భాషలో ప్రమీల నాకు అవసరమండి. మా భాషలో కూడా అవసరమే."

వంటింట్లో కాంతమ్మ కిసుక్కున నవ్వింది. మాస్టారు నవ్వకుండా ఉండాలని చూశాడు గాని ఆయన వల్ల కాలేదు. పొద్దున్నే మొదటి బండికి తానే బాపట్ల వెళ్లి ఆ పెద్దలకి నచ్చచెప్పి వస్తానన్నాడు. తిరుచిరాపల్లికి ఉత్తరం కూడా తానే రాస్తానన్నాడు. "ఇంగ్లీషులో రాస్తాను" అని గట్టిగా చెప్పాడు. జన్మలో ఎవరికీ ఇంగ్లీషులో ఉత్తరం రాయని మనిషి ఆయన.

తర్వాత కూతురి వైపు తిరిగాడు. ఇన్నాళ్ల హడావిడిలో ఆమెని ఎవరూ ఒక్క మాట అడగలేదని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. క్రిస్మస్ వెళ్లనిచ్చి, వేసవి సెలవుల్లో పెళ్లి పెట్టుకుందామా, నీకేమీ తొందర లేదుగా అని మెల్లగా అడిగాడు.

ప్రమీలారాణి తంగరాజ్ వైపు చూడలేదు. తండ్రినే చూస్తూ, తలుపు వెనక్కి వెళ్లకుండా, అందరూ వినేలా జవాబు చెప్పింది.

"నాకు తొందరగానే ఉంది నాన్నా."