ఇరవై రెండో సంపుటంలో నత్తలు

సామ్రాజ్యాలు కూలేటప్పుడు నేల దద్దరిల్లుతుందంటారు. ఆ పరిశోధకురాలి సామ్రాజ్యం మాత్రం కంప్యూటర్ తెర మీద ఒక బొత్తం మాయమై కూలిపోయింది. చీమ చిటుక్కుమన్న చప్పుడైనా కాలేదు. సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు, నాలుగు వందల పేజీల సిద్ధాంత గ్రంథాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని, ఆమె ప్రైవేటు డిటెక్టివ్ గది గుమ్మంలో నిలబడింది.

ఆ డిటెక్టివును ఊరంతా చాదస్తంగారు అంటుంది. ముఖం మీదే అంటుంది. ఆయన దాన్ని బిరుదుగానే స్వీకరించాడు. గదిలో రెండో కుర్చీ ఆయన బావమరిదిది. ముప్పై ఏళ్లు టైపిస్టుగా పనిచేసి విరమించిన ఆ పెద్దమనిషికి రెండే నమ్మకాలు: కార్బన్ కాగితం అబద్ధమాడదు, బావ పొరబడడు. మొదటిదాన్ని లోకం ఎప్పుడో మరిచిపోయింది. రెండోదాన్ని లోకం తరఫున ఆయనొక్కడే మోస్తున్నాడు.

"కూర్చో అమ్మా. ఏం పోయింది?" అన్నాడు చాదస్తంగారు.

"వ్యాసం పోయిందండీ. ఎప్పుడో చనిపోయిన ఒక బడిపంతులు రాసింది. ఎండిన గుంటల్లో నత్తలు ఎన్నాళ్లు నిద్రపోతాయో పదేళ్లు లెక్కపెట్టాడాయన. పాత పత్రిక, ఇరవై రెండో సంపుటం, రెండు వందల పదకొండో పేజీ. మా లైబ్రరీ కేటలాగులో 'పూర్తి పాఠం' అని బొత్తం ఉంటుంది, నొక్కితే డేటాబేసులో ఆ పేజీకే తీసుకెళ్తుంది. అక్కడే చదివి నోట్సు రాసుకున్నాను. నా నాలుగో అధ్యాయం మొత్తం దాని మీదే ఉంది. ఇప్పుడు చూస్తే బొత్తమే లేదు."

"అయితే?"

"బయటి పరీక్షకుడు వెతికితే దొరకలేదట. లైబ్రరీ కూడా మా దగ్గర లేదని రాసిచ్చింది. లేని వ్యాసాన్ని నేనే పుట్టించానంటున్నారు. రేపు పదకొండింటికి మౌఖిక పరీక్ష. ఇవాళ ఐదింటిలోగా వ్యాసం చూపించకపోతే పరీక్ష రద్దు, ఆరేళ్ల పని రద్దు."

"కాపీ తీసి పెట్టుకోలేదా తల్లీ?" అన్నాడు బావమరిది.

"కేటలాగు లింకు దాచుకున్నానండీ."

"చిరునామా రాసుకుంటే ఇల్లు మనదవుతుందా?"

"నువ్వుండవోయ్," అని చాదస్తంగారు ఆమె వైపు తిరిగాడు. "మీ గైడు ఏమన్నారు?"

"పాపం, చాలా బాధపడ్డారు. నాలుగో అధ్యాయం తీసేసి, తప్పయిందని రాసిస్తే వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆయన కోసమే ఆ అధ్యాయం రాశానండీ. నత్తల నిద్ర మీద ఆయన సిద్ధాంతానికి చాలా పేరుంది. దానికి పాతకాలం ఆధారం కూడా దొరికిందంటే సంతోషిస్తారనుకున్నాను."

"రాసేటప్పుడు ఆయనకు చూపించావా?"

"అన్నీ కలిపి ఒకేసారి ఇమ్మంటారండీ. బైండు చేసిన గ్రంథాన్ని పోయిన నెల ఎనిమిదో తేదీన ఇచ్చాను."

చాదస్తంగారు ఎనిమిది అంకెను కాగితం మీద వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. బావ సున్నా చుట్టాడంటే ఎవరికో మూడినట్టేనని బావమరిదికి తెలుసు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయం నాలుగంతస్తుల జ్ఞానభాండాగారం. అందులో మూడంతస్తుల మెట్లెక్కితే గానీ లింకుల విభాగం రాదు. అక్కడి అధికారిణి యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు నుదుటి మీద, టీ గ్లాసు చేతిలో. పక్కనే చీఫ్ లైబ్రేరియన్, నేరం తనది కాదన్న ధీమాతో నిలబడ్డాడు.

"బొత్తానికి బుర్ర ఉండదు సార్," అంది అధికారిణి. "ఏ పత్రిక ఏ సంపుటం నుంచి మనకు అందుతుందో పట్టికలో మేం రాస్తాం. అందులో ఉంటే బొత్తం వస్తుంది, లేకపోతే రాదు. ఈ పత్రికకు ముప్పై ఒకటి నుంచి అని ఉంది."

"మొదటినుంచీ అంతేనా?"

ఆమె మార్పుల చిట్టా తెరిచింది. "లేదు. ఒకటో సంపుటం నుంచి ఉండేది. పోయిన నెల పదో తేదీన నేనే మార్చాను."

"విన్నారుగా," అన్నాడు చీఫ్. "పోయినేడు ఆ అమ్మాయి ఈవిడ మీద ఫిర్యాదు కూడా చేసింది."

"ఫిర్యాదు చేసిన ప్రతివాళ్ల పత్రికా మాయం చేస్తే, ఈపాటికి మీకు దుమ్ము దులపడానికి బీరువా కూడా మిగిలేది కాదు సార్," అంది ఆమె. సొరుగులోంచి కాగితం తీసింది. "ఇదిగో ఉత్తర్వు. పైవాళ్లు రాస్తే మార్చడమే మా పని."

గ్రంథాలయ సలహా సంఘం కాగితం. టైపు చేసిన రెండు వాక్యాలు: ఆ పత్రికకు ముప్పై ఒకటో సంపుటం నుంచే చందా ఉంది, సరిచేయగలరు. కింద సంఘం ముద్ర. సంతకం లేదు. ముద్ర చీఫ్ బల్ల సొరుగులో ఉంటుందనీ, ఆ సొరుగుకు తాళం ఉండదనీ, సంఘంలోని ఏడుగురు సభ్యులూ అక్కడే కాఫీ తాగుతారనీ రెండు నిమిషాల్లో తేలింది.

"మీ పట్టికలో పత్రికలెన్ని?"

"పదకొండు వేలు."

"సరిదిద్దమన్నది ఈ ఒక్కదాన్నేనా?"

"ఒక్కదాన్నే," అంది అధికారిణి. అన్నాక టీ తాగడం మానేసింది.

ఆ ఏడుగురిలో గైడు ఒకడు. కింది అంతస్తులోని తన గదిలో ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "తెలివైన పిల్లండీ. తొందరపడింది. నా బాధల్లా అదే. ఆ పత్రిక ముఖం నేనెన్నడూ చూడలేదు. పేరు కూడా ఆ అమ్మాయి గ్రంథంలోనే మొదటిసారి విన్నాను."

చాదస్తంగారు నమస్కారం పెట్టి మళ్లీ మెట్లెక్కాడు. తెర ముందు కూర్చుని, 'పూర్తి పాఠం లభ్యం కాదు' అన్న వాక్యాన్ని తాళపత్రం చదివినంత శ్రద్ధగా చదివాడు. లేదు అన్న మాట చదివాక దాని కింద ఏముందో చదివేవాడు లోకంలో ఉండడు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది: వేరే గ్రంథాలయం నుంచి నకలు తెప్పించమంటారా?

"కంప్యూటర్లు రాకముందు ఈ పని ఎలా చేసేవారమ్మా?"

"చీటీ రాసిచ్చేవారు. తెప్పించి ఇచ్చేవాళ్లం."

"ఆ చీటీలు?"

"పారేయకూడదు సార్. ఎవరికి ఏ నకలు ఇచ్చామో తనిఖీకి చూపించాలి. నేలమాళిగలో అట్టపెట్టెల్లో ఉన్నాయి."

చాదస్తంగారు బావమరిది వైపు చూశాడు. బావమరిది తన తెల్ల చొక్కా వైపు ఒకసారి చూసుకుని, వీరస్వర్గానికి వెళ్లే యోధుడిలా మెట్లు దిగాడు. మూడు గంటల తర్వాత బూడిదరంగు చొక్కాతో తిరిగొచ్చాడు. చేతిలో ఒక పలచని కార్బన్ ప్రతి ఉంది.

నాలుగింటికి అందరూ పఠన మందిరంలో పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. చాదస్తంగారు నిలబడ్డాడు.

"లింకు దారి చూపే బోర్డు లాంటిది. బోర్డు పీకేస్తే ఊరు మాయం కాదు. మనమంతా బోర్డు లేదు కాబట్టి ఊరే లేదన్నాం. అమ్మా, కేటలాగు వద్దు. డేటాబేసు తెరవండి. పత్రిక పేరు, ఇరవై రెండో సంపుటం, మూడో సంచిక."

అధికారిణి వేళ్లు కదిలాయి. పసుపుబారిన పేజీలు ఒకదాని వెనుక ఒకటి తెర మీదికి వచ్చాయి. రెండు వందల పదకొండో పేజీలో నత్తలు హాయిగా నిద్రపోతున్నాయి. పరిశోధకురాలు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"మరి పరీక్షకుడికెందుకు దొరకలేదు?" అన్నాడు చీఫ్.

"పాత సంచికలను ఫొటోల్లా ఎక్కించారు. శీర్షిక కొట్టి వెతికితే రాదు. పేజీ నంబరు తెలిసిన బొత్తానికో, సంపుటాలు ఒక్కొక్కటీ తిప్పి చూసేవాళ్లకో మాత్రమే అది దొరికేది. అందుకే ఆ బొత్తం మీద వేటు పడింది. గ్రంథం చేతికందింది ఎనిమిదిన, ఉత్తర్వు వచ్చింది పదిన. పదకొండు వేల పత్రికల్లో ఈ ఒక్కదాని మీదే ఎవరికి కోపం? తప్పయిందని రాసివ్వమన్నదెవరు? ఇక ఈ చీటీ. పంతొమ్మిదేళ్ల కిందటిది. ఇదే సంపుటం, ఇదే పేజీ, నకలు కావలెను. సంతకం మీది, గురువుగారూ. పత్రిక ముఖం చూడలేదన్నారు. మరుసటి ఏడాదే మీ సిద్ధాంతం అచ్చయింది. మా బావమరిది చీటీలు వెతుకుతుండగానే ఆ వ్యాసం తెరిచి, మీ వ్యాసం పక్కన పెట్టి చూశాను. పట్టికలు రెండింట్లోనూ ఒక్కటే. పంతులుగారి పేరు మాత్రం మీ దాంట్లో లేదు."

గైడు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"నేను ఆయనకంటే బాగా రాశాను," అన్నాడు.

"నిజమే. రాత మీదే. నత్తలే మీవి కావు."

ఐదుకు పది నిమిషాలుండగా, వ్యాసం తమ వద్ద ఉన్నదని చీఫ్ స్వహస్తంతో రాసిన కాగితం పరీక్షల విభాగానికి చేరింది.

మర్నాడు మౌఖిక పరీక్షకు బావమరిది ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాడు. గైడు కుర్చీ ఖాళీగా ఉంది. బయటి పరీక్షకుడు రెండు గంటలు ప్రశ్నించాడు, అందులో గంటన్నర నాలుగో అధ్యాయం మీదే. కడపట ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగాడు.

"ఉందండీ," అంది ఆమె. "ఏడో ఏడు లెక్కలో పంతులుగారు పొరబడ్డారు. ఆయన చనిపోయాయనుకున్న నత్తలు నిజానికి ఇంకా నిద్రలోనే ఉన్నాయి. రాత్రి మళ్లీ చదివితే తెలిసింది. ఆ పేజీ మార్చి రాయడానికి నాకు వారం గడువు కావాలి."

పరీక్షకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వారం గడువిచ్చి, డాక్టర్ అని పిలిచాడు.