కార్డు చూపించని పెట్టె

“మెషీన్ అబద్ధం చెప్పదంటున్నారండీ. అంటే నేను చెప్తున్నట్టేగా!”

ఆసుపత్రి టీకాల గది చూసుకునే ఫార్మసిస్టు డిటెక్టివ్ ఎదుటి కుర్చీలో కూలబడింది. ఫ్రిజ్‌లోని టీకాలన్నీ వేడి తగిలి పాడయ్యాయి. అందులోని సెన్సర్ పంపిన లెక్క మాత్రం ఐదు డిగ్రీలు దాటలేదు. సీసాలను ఆమే బయట వదిలేసిందని పైవాళ్ళు తేల్చేశారు. సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది.

డిటెక్టివ్ గొణుక్కుంటూ లేచాడు. ఆయన గొణుగుడు మొదలైందంటే కేసు సగం తేలినట్టేనని సహాయకురాలి నమ్మకం.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు, పన్నెండేళ్ళుగా రోజూ చూస్తున్న ఫార్మసిస్టును కూడా కార్డు చూపించమన్నాడు. అది సంచి అడుగున దొరికి ఆమె మెడలో వేసుకునేదాకా ముగ్గురూ ఎండలో నిలబడ్డారు.

టీకాల గదిలో డిటెక్టివ్, సెన్సర్ లెక్కలు చూపే తెరమీది గీతను వేలితో చూపించాడు. “రోజూ ఒంటిగంటకి ఇది కాస్త పైకి లేస్తోందేం?”

“ఎవరో తలుపు తీసుంటారు,” అన్నాడు వెంట వచ్చిన ఆసుపత్రి సూపరింటెండెంటు విసుగ్గా.

“ఒంటిగంటకి గది తాళం వేసి భోజనానికి వెళ్తానండీ. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది,” అంది ఫార్మసిస్టు.

డిటెక్టివ్ ఫ్రిజ్‌లోని సెన్సర్ తీసి గుప్పిట్లో బిగించాడు. ఐదు నిమిషాలైనా తెరమీది నాలుగు డిగ్రీల అంకె కదల్లేదు. మూత తీస్తే లోపల బ్యాటరీయే లేదు.

“ఈ లెక్క ఇంకెక్కడి నుంచో వస్తోంది. ఒంటిగంటకి అందరూ తెరిచే ఫ్రిజ్ ఎక్కడుందో చూసిరా!” అని సహాయకురాలిని కసిరాడు.

ఆమె క్యాంటీన్ ఫ్రిజ్‌లో, నీళ్ళ సీసాల వెనక దొరికిన ఇలాంటిదే ఇంకో చిన్న పెట్టెను గుప్పిట్లో పట్టుకుని తెచ్చింది. తెరమీద అంకె ఇరవై దాటేసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆసుపత్రి మరమ్మతుల టెక్నీషియన్ తల దించుకున్నాడు.

“ఏం చెయ్యమంటారు సార్! ఫ్రిజ్ వేడెక్కిందంటూ సెన్సర్ మోగించే ఆ అలారం నన్ను తిననివ్వదు, పడుకోనివ్వదు. వచ్చి చూస్తే ఫ్రిజ్ చల్లగానే ఉండేది. సెన్సరే చెడిందనుకున్నా.”

“ఫ్రిజ్ మధ్యమధ్యలో ఆగిపోతోందయ్యా! అలారం నిజమే చెప్పింది. నువ్వు దాని నోరు నొక్కి, దాని అడ్రస్సే ఇంకో సెన్సర్‌కిచ్చి క్యాంటీన్‌లో పెట్టావు.” డిటెక్టివ్ సూపరింటెండెంటు వైపు తిరిగాడు. “ప్రతి సెన్సర్‌కీ సొంత రహస్య సంకేతం ఉంటుంది. లెక్క తీసుకునే కంప్యూటర్ అది అడక్కుండా, అడ్రస్ చెబితే చాలన్నదెవరు?”

“ఒక్కోదానికీ అది ఎక్కించాలంటే బోలెడు పని, అందుకని నేనే...” సూపరింటెండెంటు నసిగాడు.

“‘నేను మీ అల్లుణ్ణి’ అన్నవాడికల్లా మొహం చూడకుండా భోజనం పెడతారా మీ ఇంట్లో?”

సూపరింటెండెంటు బల్లమీదున్న, ఆమెను ఉద్యోగంలోంచి తీసేసే కాగితాన్ని చింపేశాడు. ఫార్మసిస్టు మెడలోని కార్డు తీసి ఆ ముక్కల పక్కన పెట్టింది.

“పన్నెండేళ్ళుగా రోజూ దీన్ని చూపిస్తున్నానండీ. ఆ పెట్టెని ఒక్కసారైనా అడిగారా?”