మళ్ళీ ఒకసారి, నిదానంగా

"ఈ స్కోప్ ఎవరు చేశారు?"

పొద్దున డాక్టర్ల మీటింగులో స్క్రీన్ మీద ఎండోస్కోపీ బొమ్మ చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది. పొట్ట లోపలి గోడ నిండా నురగ తెట్టెలు కట్టి ఉంది. నీళ్ళు కొట్టి కడగలేదు. మచ్చల్ని పట్టిచ్చే బ్లూ లైట్ వెయ్యలేదు. తెల్ల లైటులో పైపైన చూసి, గ్యాస్ అని రాసి పారేశారు.

"నేనే," అన్నాడు ఎదురుగా కూర్చున్న డాక్టరు. ఆ ఆసుపత్రిలో ఇద్దరూ ఒకేసారి చేరారు. అప్పటి నుంచీ ఉప్పూ నిప్పే.

"కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?"

"పేషెంట్ మా నాన్న. గొట్టం దించగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. చూడలేక త్వరగా తీసేశాను. చాలా?"

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. ఆమెకు కోపం రెట్టింపయింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి పనితనాన్ని దొంగచాటుగా మెచ్చుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఆ నురగ పక్కన రంగు తేడాగా ఉంది. మళ్ళీ చెయ్యాలి."

"ఆయన్ని మళ్ళీ ఏడిపించను. నీ పని నువ్వు చూసుకో."

"ఇదే నా పని. నువ్వు బయట కూర్చో, నేను చేస్తాను."

"నీకసలు మనసుందా?"

"ఉంది! అందుకే అరుస్తున్నాను!"

అనేశాక ఆమె చెవులు వేడెక్కాయి. అదృష్టం, అంత కోపంలో అతను ఏమీ గమనించలేదు.

మర్నాడు తండ్రిని తీసుకొచ్చాడు గానీ, అతను బయట కూర్చోలేదు. మూతి ముడుచుకుని తండ్రి తల దగ్గరే నిలబడ్డాడు. ఆమె గోడంతా శుభ్రంగా కడిగి, బ్లూ లైట్ వేసి, స్కోప్‌ను మెల్లగా తిప్పింది. చిటికెన వేలి గోరంత మచ్చ, గోధుమ రంగులో, గీత గీసినట్టు అంచుతో కనిపించింది.

"జూమ్ చెయ్యి," అన్నాడతను స్క్రీన్ వైపు వంగి.

"మాట్లాడకు," అని కసిరి, ముక్క తీసి పరీక్షకు పంపింది.

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ ఇంకా కాలేదు. వదిలేస్తే అయ్యేదే. కడుపు కొయ్యకుండా, అదే గొట్టంతో ఆ మచ్చను తీసేశారు.

"ఒరేయ్," అన్నాడు పెద్దాయన వార్డులో, బొంగురు గొంతుతో. "జాలిపడి నా ప్రాణం మీదికి తెచ్చావు. ఈ అమ్మాయి కోప్పడి బతికించింది. ఇంట్లో తిట్టే మనిషి ఒకరు ఉండాలిరా." ఆమె వైపు తిరిగాడు. "ఏం తల్లీ, మా వాడితో వేగగలవా?"

"నాకంత ఓపిక లేదండీ. కోపమే ఉంది."

"అదే కావాలమ్మా!"

ఆమె విసురుగా బయటికి నడిచింది. అతను వెంటపడ్డాడు.

"ఆగు! సారీ, తప్పు నాదే, నువ్వు లేకపోతే నాన్న... నువ్వంటే ఇష్టం, మొదటి రోజు నుంచీ, అంతే!"

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. కోపం ఇంకా ముక్కు మీదే ఉంది, కళ్ళలో మాత్రం నీళ్ళు.

"ఇది కూడా హడావిడేనా? నీకెప్పుడూ ఇంతే. మళ్ళీ చెప్పు. ఈసారి నిదానంగా."