పొర లేని నాలుక

ఇటలీలోని జెనోవా రేవు నుంచి పైకి ఎక్కే ఇరుకు సందులో మూడు భోజనశాలలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. హైమవతమ్మ మణికట్టుకు కట్టుకున్న భోజనదర్శిని నోటి దగ్గరికి తెచ్చుకుని, వీటిలో ఏది బాగుంటుందని అడిగింది.

"మూడూ సమానంగా బాగుంటాయి," అని జవాబొచ్చింది. "మొదటిదానిలో కుర్చీలకు మెత్తలున్నాయి. రెండోదాని కిటికీలోంచి ఓడలు కనిపిస్తాయి. మూడోదానికి మెట్లు లేవు."

"అయితే మూడోదానికే పోదాం. నా మోకాళ్ళు నిన్నటినుంచి మాట వినట్లేదు," అంది ఆవిడ మరదలితో.

ప్రసూన నాలుక కొసతో పళ్ళ వెనక తడుముకుంటూ నిలబడింది. ముందురోజు రైల్లో కాగుతున్న కాఫీ తొందరపడి గుటకేసింది. నాలుక బొబ్బలెక్కి, దాంతోపాటు రుచిపొర కూడా ఊడి చేతిలోకొచ్చింది. పుండు మానేవరకూ కొత్త పొర అంటించకూడదని మందుల దుకాణంలో చెప్పారు. అంటే ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఉత్త నాలుకతోనే తినాలి.

కాకినాడలో ప్రసూనకు కుట్టుదుకాణం ఉంది. రుచిపొర వచ్చిన కొత్తలోనే ఆమె వేయించుకుంది. ఉల్లిపొర కంటే పల్చగా, నాలుకకు అంటుకుపోయి కంటికి కనబడదు. నోట్లో పడినదాని ఉప్పూ పులుపూ కారమూ కొలిచి, మనిషికి ఏ పాళ్ళలో ఇష్టమో ఆ పాళ్ళలోనే నరాలకు అందిస్తుంది. ఉప్పు తక్కువైతే పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. విషమో, పాచిపోయినదో అయితే చురుక్కుమనిపించి ఆపుతుంది. మిగతాదంతా బాగానే ఉంటుంది. ఇప్పుడు పొర లేనివాళ్ళు ఎక్కడా లేరనే చెప్పాలి. ఇళ్ళలో కంచం దగ్గర అలకలు పోయాయి. పరాయి ఊళ్ళో ఎక్కడ తినాలన్న వెతుకులాట పోయింది. ఎక్కడ తిన్నా బాగుంటుంది కాబట్టి కుర్చీ చూసుకుని కూర్చోవడమే.

ఆ ఉదయం నుంచీ ప్రసూనకు అంతా అయోమయంగా ఉంది. బస ఎదురుగా ఉన్న కాఫీ దుకాణంలో ఫొకాచ్చా ఇచ్చారు. ఉప్పూ నూనే పట్టించి కాల్చిన మందపాటి రొట్టె. ఊళ్ళోవాళ్ళు దాన్ని తీసి పాలకాఫీలో ముంచుకు తింటున్నారు. "దిబ్బరొట్టె పానకంలో ముంచినట్టుంది," అని వదిన మెచ్చుకుంది. ప్రసూన నోట్లో ఉప్పు ఒకవైపు, కాఫీ చేదు ఒకవైపు కొట్టుకున్నాయి. బాగుందో లేదో ఆమెకు తేలలేదు. ఇన్నేళ్ళ తరవాత నాలుకే కొత్తదైపోయిందా, ఇక్కడి తిండే అంతా? ఎవరిని అడగాలి?

మెట్లు లేని భోజనశాలలో నాలుగే బల్లలు. వడ్డించే ఆమె పేరు సిల్వానా, నలభై ఏళ్ళుంటాయి. వంట చేసేది ఆమె తల్లి ఓర్నెల్లా. చెవిలో పెట్టుకున్న దుబాసీ యంత్రం సిల్వానా మాటల్ని పెళ్ళి శుభలేఖ తెలుగులో వినిపించింది: "మా గృహమునకు విచ్చేసినందుకు సంతోషము. మా మాతృమూర్తి స్వహస్తములతో చేసిన పెస్తో స్వీకరించండి."

ఆకుపచ్చని ముద్దలో కలిపిన పిండి మెలికలు వచ్చాయి. తులసి వాసన కొట్టే ఆకు, వెల్లుల్లి, జున్ను, గింజలు కలిపి నూరినదని సిల్వానా చెప్పింది. హైమవతమ్మ ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది.

"గోంగూరే అనుకో. కాస్త పులుపు తగ్గిందంతే."

ప్రసూన నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. తియ్యగా ఉంది. వెల్లుల్లి వేసిన పాయసంలా ఉంది. ఇంకో ముద్ద తిన్నా అదే తీపి.

"వదినా, మీకు తియ్యగా లేదూ?"

"తీపేంటే? కమ్మగా ఉంది. నీకు నోరు పూసింది కదా, అందుకని."

కావచ్చు. పక్క బల్ల దగ్గర ఊరి ముసలాయన, ఇంకొకాయన రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకు తింటున్నారు. ఇంతమంది తింటున్నప్పుడు తప్పు తన నాలుకదే అయివుండాలి. లేదా ఈ ఊళ్ళో పెస్తో ఇలాగే తియ్యగా చేస్తారేమో.

అప్పుడే ఓర్నెల్లా వంటింట్లోంచి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, బక్కపల్చగా, తెల్లటి జుట్టు బిగించి ముడేసుకుంది. వాళ్ళ బల్ల దగ్గర నిలబడి ఎలా ఉందని అడిగింది. "అమృతంలా ఉందండీ," అంది హైమవతమ్మ. ప్రసూన కూడా తలూపింది. ఆవిడ ప్రసూన మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువసేపు చూసి వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చి, మొదటిసారి అడుగుతున్నట్టే అదే మాట అడిగింది. మళ్ళీ అందరూ బాగుందన్నారు.

సాయంత్రం ప్రసూనకు మనసు ఆగలేదు. రేవు దగ్గర ఇంకో దుకాణంలో ఫరినాతా అడిగింది. శనగపిండి జారుగా కలిపి, వెడల్పాటి రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చిన అట్టు అది. అంచులు కరకరలాడుతూ, మిరియాల ఘాటుతో చక్కగా ఉంది. ఉప్పు సరిపోయింది. అక్కడే చిన్న గిన్నెలో పెస్తో కూడా తెప్పించుకుంది. వెల్లుల్లి ఘాటు, జున్ను ఉప్పదనం, ఆకు పసరు. తీపి చుక్కయినా లేదు. నాలుక బాగానే పనిచేస్తోందన్నమాట. దాంతో ఆమె తికమక ఇంకా పెరిగింది. మరి మధ్యాహ్నం తిన్నదేమిటి?

"ఒక్కో ఇంటి వంట ఒక్కో రకం. దానికి అంత ఆలోచనెందుకు?" అంది హైమవతమ్మ. ఆవిడ ముందు గ్లాసులో తెల్లని ద్రాక్షసారా ఉంది. పొర దయవల్ల ఆవిడకు అది చెరుకురసంలా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ప్రసూన పట్టుబట్టి వదినను మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళింది. ఈసారి కూరగాయల చారు వచ్చింది. చెంచాడు నోట్లో పోసుకోగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సముద్రం నీళ్ళు కూడా ఇంత ఉప్పగా ఉండవు. తుండుగుడ్డలో ఉమ్మేసి మంచినీళ్ళు తాగింది. ఎదురుగా వదిన చప్పరిస్తూ తాగుతోంది. ఆవిడ చేతిలోంచి చెంచా లాక్కుంది ప్రసూన.

"తాగకండి వదినా. మీకసలే రక్తపోటు."

"ఏమైందే నీకు? పదిమందిలో ఇదేం పని?"

పక్క బల్ల దగ్గర నిన్నటి ముసలాయన గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం పోయమన్నట్టు సిల్వానాకేసి చాపాడు. ఆ చాచిన చెయ్యి చూశాక ప్రసూన ఇక ఊరుకోలేకపోయింది. అయినా ఏమని చెప్పాలి? పరాయి దేశం, పరాయి వంట. ఆ ముసలాయన మొహంలో తృప్తి ఉంది. తను ఒక్కతే ఒకవైపు, ఊరంతా ఒకవైపు.

ఆమె ఇంకా తటపటాయిస్తుండగానే ఓర్నెల్లా వచ్చి నిలబడింది. చేతులు నడుముకు కట్టుకున్న వంటగుడ్డలో దాచుకుని, నెమ్మదిగా అడిగింది. "భోజనము ఎట్లున్నది?" అంది దుబాసీ.

"బాగా..." అని మొదలుపెట్టిన హైమవతమ్మ చేతి మీద ప్రసూన చెయ్యి వేసింది.

"ఉప్పు చాలా ఎక్కువైందమ్మా," అంది ప్రసూన. "నోట్లో పెట్టుకోలేకపోయాను. నిన్న పెస్తో తియ్యగా ఉంది. ఉప్పు బదులు పంచదార పడిందనుకుంటా. నా నాలుక మీద పొర లేదు, అందుకని తెలిసింది. ఏమీ అనుకోవద్దు."

దుబాసీ ఆ మాటలన్నీ ఓర్నెల్లా చెవిలో చెప్పేదాకా ఆగాల్సి వచ్చింది. కోప్పడుతుందని ప్రసూన ఎదురుచూసింది. ఆవిడ కోప్పడలేదు. ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎంతోసేపటినుంచి మోస్తున్నదేదో దించినట్టు ఊపిరి వదిలింది.

"నాకూ అట్లే తోచినది," అంది దుబాసీ. ఆ గొంతులోని వణుకు మాత్రం దానికి చేతకాలేదు. "చలికాలములో ఒకనాడు పొర తీసి రుచి చూచితిని. ఏదో తప్పుగా నున్నది. ఎవరిని అడిగినను బాగున్నదనిరి. నా కూతురు బాగున్నదనెను. అందుచేత నా నాలుకయే చెడినదనుకొంటిని. మరల పొర అంటించుకొంటిని. ఐనను అడుగుట మానలేదు."

ఇంతలో సిల్వానా విసవిసా వచ్చింది. ఏం జరుగుతోందని తల్లిని అడిగి, ప్రసూనవైపు తిరిగింది. ఇన్నేళ్ళలో తమ వంటకు ఒక్కరూ వంక పెట్టలేదని, ఈ వీధిలో ఎవరినైనా అడగమని అంది.

"వంక పెట్టలేరు కదమ్మా," అంది ప్రసూన. "నేను బట్టలు కుడతాను. చంక దగ్గర బిగిస్తే తొడుక్కున్న మనిషి చెప్పాలి. చెప్పకపోతే నేను జన్మంతా అలాగే కుడతాను. మీరొక్కసారి పొర తీసి చూడండి."

సిల్వానా అందరికీ వీపు పెట్టి, గోడవైపు తిరిగి పొర తీసింది. ప్రసూన గిన్నెలోంచి ఒక చెంచా చారు తీసుకుని నోట్లో పోసుకుంది. మింగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. డబ్బాల మూతలు తీసి పెడుతున్న చప్పుడు ఒకటొకటిగా బయటికి వినిపించింది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె చేతిలో రెండు డబ్బాలున్నాయి. వాటిని తల్లి ముందు పెట్టి, ఇందులో ఉప్పు ఏదని చిన్నపిల్లను అడిగినట్టు అడిగింది.

ఓర్నెల్లా రెండింటికేసీ చూసింది. వేలు ఒకదాని మీదికి పోయి, ఆగి, రెండోదాని మీదికి పోయింది. ఎక్కడా ఆనలేదు. డబ్బాల మీద పేర్లు పెద్ద అక్షరాల్లో రాసే ఉన్నాయి. ఆవిడ వాటిని చూస్తూనే ఉంది, అవి ఆవిడకు ఏమీ చెబుతున్నట్టు లేదు.

సిల్వానా తల్లి వేళ్ళు పట్టుకుని దించింది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తలెత్తి బల్లల దగ్గరున్నవాళ్ళను అడిగింది. దుబాసీకి ఆ మాటను అలంకరించే వ్యవధి దొరకలేదేమో, ఈసారి మామూలుగానే చెప్పింది.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?"

ముసలాయన చెంచా కింద పెట్టాడు. రోజూ వచ్చేవాళ్ళే అందరూ. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వారం నుంచా, ఏడాది నుంచా? ఎవరూ చెప్పలేకపోయారు. అడిగిన కూతురు కూడా పూటపూటా ఆ చేతి వంటే తింది.

ప్రసూన, హైమవతమ్మ బయటికి వచ్చారు. చెప్పి మంచిపని చేసిందో, ఒక ఇంటి గుట్టు వీధిలో పెట్టిందో ప్రసూనకు తెలియలేదు. ఓర్నెల్లా మాత్రం వాళ్ళు బయల్దేరుతుంటే ఆమె చెయ్యి పట్టుకుని వదలడానికి ఒప్పుకోలేదు. ఏదో అంది. చుట్టూ అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటే దుబాసీ దాన్ని అందుకోలేకపోయింది.

సందు దిగి సగం దూరం వచ్చాక హైమవతమ్మ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. మోకాళ్ళ నొప్పేమోననుకుంది ప్రసూన.

"కూర్చుంటారా వదినా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ప్రసూనా, మొన్న వేసవిలో మీకు మాగాయ పంపాను కదా. ఎలా ఉంది?"

"చాలా బాగుంది వదినా. ఇంకా రెండు సీసాలున్నాయి."

"నీకెలా తెలుసు?"

ప్రసూన ఆ మాగాయ రుచి గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తొచ్చినదల్లా తనకు ఎప్పుడూ ఇష్టమైన రుచే. అది వదిన చేతిదో, పొర చేతిదో విడదీయడం ఆమెవల్ల కాలేదు. హైమవతమ్మ ఆమె కళ్ళలోకే చూస్తోంది. ఏడాదిగా ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని రెండేసిసార్లు లేచి చూసుకునే మనిషి.

"తెలీదు వదినా," అంది ప్రసూన.

హైమవతమ్మ గోడ వదిలి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.