ఐదింటికే పొద్దుగూకే దీవి

ధనుశ్రీ ఓబులేశ్‌తో మొట్టమొదట ఆడిన మాట తిట్టు. అదీ నలుగురి ఎదుట.

పావగడ దగ్గరి క్యాతగానచెర్లు సోలార్ పార్కులో ఆరోజు ఆమె, ఆమె కింద పనిచేసే ఆడవాళ్ళు పొద్దున్నే ఒక వరుస పలకలు కడిగి తళతళలాడేలా పెట్టారు. అంతలో ఇంజనీర్లను దింపి వస్తున్న ఓబులేశ్ జీపు మట్టిదారిన దూసుకొచ్చింది. లేచిన దుమ్మంతా తడి పలకల మీద పరుచుకుంది.

"నిలుపప్పా! జీపు నిలుపు!" ధనుశ్రీ అడ్డం వచ్చింది. "తెల్లారకముందు నుంచీ కడిగినాము. ఇప్పుడెవురు కడగల్ల? మీ తాత వస్తాడా?"

"ఏందిమే, అట్ల మీద పడతావు? ఈ పలకల కింద ఉండేది మేము కంపెనీకి గుత్తకిచ్చిన మా భూమే."

"భూమి మీదయితే దుమ్మూ మీదే. దిగి తుడుచుకో!"

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఓబులేశ్‌కు దిగక తప్పింది కాదు. పొడుగు కర్ర బ్రష్షు తీసుకొని ఆ చివర నుంచి ఈ చివర దాకా తుడిచాడు. "ఆ మూల ఇంకా ఉండాది," అంది ధనుశ్రీ నడుం మీద చెయ్యి పెట్టుకొని. అతను మూల మానేసి ఆమె మొహం వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోవడం మరిచిపోయింది. కథ అక్కడ మొదలైంది.

ఆ తర్వాత జీపు ఆ వరుస దగ్గరికి రాగానే నత్తనడక నడిచేది. పార్కులో అందరికీ కారణం తెలుసు. ఓబులేశ్ తల్లి సంజీవమ్మ, "పిల్ల నోరు పెద్దదంట కదప్పా," అని కొన్నాళ్ళు గొణిగి, చివరికి ఆ నోటికే మురిసి ఒప్పుకుంది. శ్రావణంలో పెళ్ళయింది.

ధనుశ్రీ అడిగింది ఒక్కటే. "చుట్టూ నీళ్ళుండే చోటికి తీసకపో. ఆడ ఒక కారు బాడుగకు తీసుకుందాం. వెనక సీట్లో ఇంజనీర్లు ఉండకూడదు, మనమిద్దరమే ఉండల్ల."

ఓబులేశ్ అండమాన్‌కు కార్తీకానికి టికెట్లు తీశాడు. తీసిన కొన్నాళ్ళకే అతని నెత్తిన పిడుగు పడింది.

చీకట్లో గుంతలు కనబడడం లేదని, అద్దాలు రాయించుకుందామని బెంగళూరు వెళ్ళాడు. కంటి డాక్టరు ఏవేవో పరీక్షలు చేసి నెమ్మదిగా చెప్పాడు. ముందు రాత్రి చూపు పోతుంది. తర్వాత పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది, అదీ అప్పుడే మొదలైంది. ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేం. మందు లేదు. "ఇంక డ్రైవింగ్ మానెయ్యండి," అన్నాడు.

ఇన్నాళ్ళూ ఎవరూ పట్టుకోలేకపోవడానికి కారణం ఉంది. సోలార్ పార్కులో పొద్దే మేస్త్రి. అది దిగితే పనీ దిగిపోతుంది. దీపాలు పెట్టే వేళకు జీపు ఇంటిముందు ఉండేది. పొలాల మధ్య దారులన్నీ అతనికి కొట్టినపిండి.

పగలు ఫర్వాలేదనుకొని అతను జీపు మానలేదు. ధనుశ్రీకి చెప్పాలని రోజూ అనుకునేవాడు. మళ్ళీ రేపటికి వాయిదా వేసేవాడు. డ్రైవరు చేతిలోంచి స్టీరింగ్ తీసేస్తే ఇంకేం మిగులుతుంది? ఆమె పుట్టింటికి వెళ్ళిపోతే? పోకుండా జాలిపడి, ఆ నోరు మూసుకొని బతికితే? రెండోదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఒక్కసారి ఆమెతో కలిసి సముద్రం చూసి, ఊరికి తిరిగొచ్చాక చెప్పేద్దామనుకున్నాడు.

ధనుశ్రీకి ఇంకోలా అర్థమైంది. పావగడలో సినిమాకు పోదామంటే రాడు. మసక పడితే గడప దాటడు. "నేనంటే అప్పుడే బేజారొచ్చిందా?" అని నవ్వుతూనే అడిగింది. అతను మాట మార్చేసరికి ఆ రాత్రి అటు తిరిగి పడుకుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో కార్లు బాడుగకిచ్చేది పుష్పావతి. ఆమె పెద్దలెప్పుడో శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చారట.

"ఏ ఊరమ్మా మీది?"

"పావగడక్కా. కర్ణాటకం."

"కర్ణాటకంలో ఇంత తెలుగు మాటాడతారేటి!"

"నువ్వు సముద్రం నడుమ మాట్లాడతాండావు, మేము కర్ణాటకంలో మాట్లాడితే తప్పా?"

పుష్పావతి పడీపడీ నవ్వింది. ఓబులేశ్ లైసెన్సు చూసి తాళాలు అతని చేతిలో పెట్టింది. "సిడియా టాపు ఎల్లిరండి బాబూ. సముద్రం సూడాలంటే అక్కడే. అడివి రోడ్డు, మలుపులెక్కువ. సీకటడకముందే వచ్చీయండి."

"వచ్చేస్తామక్కా," అన్నాడు ఓబులేశ్ ధీమాగా. పొద్దు సంగతి అతనికి ఒకరు చెప్పాలా? ఆరు దాకా వెలుతురుంటుంది. ఐదింటికి అక్కణ్ణుంచి బయలుదేరితే హాయిగా వెనక్కి చేరిపోవచ్చు. ఊళ్ళో లెక్కనే దీవికీ కట్టేశాడు.

దారిలో చినుకులు మొదలయ్యాయి. తక్కిన టూరిస్టులు పరుగులు పెట్టి చెట్ల కింద దాక్కున్నారు. ధనుశ్రీ కారు ఆపించి మరీ దిగింది.

"వానొస్తే దాక్కుంటాండారు చూడప్పా! వీళ్ళకేం పోయేకాలం?"

"నువ్వు దాక్కోవా?"

"మనూరోళ్ళు వానను చూసి దాక్కుంటే, అది అలిగి మళ్ళా రాదు."

ఆమె ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఓబులేశ్ ఆ మొహాన్ని తినేసేలా చూశాడు. దీన్ని మరిచిపోకూడదనుకున్నాడు. అలా అనుకోగానే దుఃఖం ముంచుకొచ్చింది. వాన తడిలో అది కలిసిపోయింది కాబట్టి బతికిపోయాడు.

చిడియా టాపు చేరి ఒడ్డున కూర్చున్నారు. అతను సముద్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తల తిప్పి తిప్పి చూస్తుంటే ధనుశ్రీ పకపకా నవ్వింది. నవ్వు ఆగేలోపే సూర్యుడు నీళ్ళను తాకాడు.

"టైమెంత?" ఓబులేశ్ దిగ్గున లేచాడు.

"ఐదు కూడా కాలేదు. ఐదింటికే పొద్దు మునిగే ఊరు యాడన్నా ఉంటాదా? మన కంపెనీ ఈడ పెట్టింటే దివాలా!"

అతను నవ్వలేదు. ఆమె చెయ్యి పట్టుకొని కారు దగ్గరికి లాక్కెళ్ళాడు. బయలుదేరిన కాసేపటికే అడవి నల్లబడింది. లైట్ల ముందు రోడ్డు కొంచెం కనబడుతోంది, దాని అంచులు లేవు. ఒక మలుపులో ఎదురుగా బైకు వచ్చింది. ఆ వెలుగు కళ్ళలో పడింది, అంతే. ధనుశ్రీ కేకకు బ్రేకు తొక్కాడు. ముందు చక్రం కాలవలోకి దిగిపోయి కారు ఒరిగి ఆగింది. బైకతను తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఏమయింది నీకు? నిద్ర పోతాండావా?" ధనుశ్రీ అతని చొక్కా పట్టుకొని గుంజింది. "నెల దినాల నుంచి చూస్తాండా. నాతో మాట లేదు, నవ్వు లేదు. నేనంటే ఇష్టం లేకుంటే చెప్పు. చంపాల్సిన పని లేదు."

"ధనూ, కనపడలేదు."

"అంత లైటేసుకొని వచ్చినాడు కదా, బైకు కనపడలేదా?"

"బైకు కాదు. రోడ్డే కనపడలేదు." స్టీరింగ్ మీద తల ఆనించి అంతా చెప్పేశాడు. డాక్టరు చెప్పిందీ, మందు లేదన్నదీ, ఎన్నేళ్ళకో తెలీదు గానీ పగలు కూడా ఇలాగే అవుతుందన్నదీ.

ధనుశ్రీ చెయ్యి చాచి ఇంజను ఆపేసింది.

"మీ అమ్మకు తెలుసా?"

"ఎవురికీ తెలీదు."

"నాకు యాల చెప్పలేదు?"

"పోతావేమోనని. పోకుండా, నన్ను చూసి ఏడుస్తా కూర్చుంటావేమోనని."

ధనుశ్రీ అతని భుజం మీద ఫెడీఫెడీమని కొట్టింది. కొడుతూనే ఏడ్చింది. "ఏడుస్తాను. మొగుడి కండ్లు పోతాంటే ఏడవనా? ఏడుస్తాను, తిడతాను, నీతోనే ఉంటాను. నువ్వెవురు నన్ను వద్దనేదానికి?"

ఓబులేశ్ చిన్నపిల్లాడిలా ఆమె ఒళ్ళో తల పెట్టేశాడు. నెల నుంచి దాచుకున్న భయమంతా అప్పుడు బయటికి వచ్చింది.

ఫోన్ చేస్తే పుష్పావతి ఆటో కట్టించుకొని వచ్చింది. సంగతి విని ఓబులేశ్ చేతిలోంచి తాళాలు తీసుకుంది. దారిన పోయేవాళ్ళ చేత కారు పైకి లాగించి, తానే నడుపుకుంటూ ఇద్దరినీ లాడ్జి దగ్గర దింపింది.

పొద్దున్నే మళ్ళీ వచ్చింది. "ఇంకా రెండు రోజులుంది కదమ్మా. డ్రైవర్ని పెట్టమంటారేటి?"

"వద్దక్కా. తాళాలు నాకియ్యి," అంది ధనుశ్రీ.

స్కూటరుతో పాటు కారు లైసెన్సు కూడా తీసుకుంది గానీ, డ్రైవింగ్ స్కూలు వదిలాక కారు ముట్టనేలేదు. గేరు వేయగానే రెండుసార్లు ఆగిపోయింది. "క్లచ్ మెల్లగా వదులు," అన్నాడు ఓబులేశ్. "తెలుసులేప్పా," అంది కళ్ళు తుడుచుకుంటూ.

కారు సముద్రం ఒడ్డు రోడ్డెక్కింది. అలవాటు చొప్పున ఓబులేశ్ కాళ్ళు బిగబట్టి, ముందుకే చూస్తూ, "ముందర ఆటో... ఎడమకు..." అంటూనే ఉన్నాడు.

ధనుశ్రీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఆటోను నేను చూస్తాలే. రోడ్డు ఇంక నాది. నువ్వు సముద్రం చూసుకో."

ఓబులేశ్ కిటికీ వైపు తిరిగాడు. అంత పెద్ద సముద్రంలో అతనికి నడిమి ముక్కే కనబడింది. ఆ ముక్కనే రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాడు.