లిస్బన్ నుంచి మూడున్నర గంటలు

లిస్బన్‌లో విమానం నేల విడిచిన మరుక్షణం విబెకె అసలు సంగతి చెప్పింది.

"ఇప్పుడు చెప్పినా ఫర్వాలేదు టోర్బెన్. నేను మీ మనిషిని కాను."

డెన్మార్క్ సీక్రెట్ ఏజెంట్ టోర్బెన్ ముఖంలో ఏ మార్పూ లేదు. శత్రు ముఠా నుంచి ఈ అందగత్తెను తప్పించి కోపెన్‌హాగన్ చేర్చడమే అతని అసైన్‌మెంట్. పాస్‌పోర్టుల ప్రకారం అతను వైన్ వ్యాపారి, ఆమె భార్య.

"నా కోసం మీ చీఫ్ గ్రేథె ఎయిర్‌పోర్టుకి వస్తుందిగా? మా బాస్ ముఖం చూసి బతికున్నది ఆవిడొక్కతే. జనంలో మావాడు జెండా ఊపుతుంటాడు. ఆ జెండా కర్ర చివర విషపు సూది ఉంటుంది."

అయినవాళ్లు దిగుతున్నారంటే కోపెన్‌హాగన్‌లో ప్రతివాడి చేతిలోనూ కాగితపు జెండా ఉంటుంది. అన్ని జెండాల్లో ఏదని వెతకడం?

"నాకెందుకు చెబుతున్నావ్?"

"రెండున్నర వేల కిలోమీటర్లు, మూడున్నర గంటలు. నువ్వు గింజుకుంటుంటే చూడాలని."

గాల్లోంచి ఫోన్ చేసే రోజులు కావవి. టోర్బెన్ ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచాడు. "అర్జంటుగా కెప్టెన్‌తో మాట్లాడాలి. నేను గూఢచారిని."

విబెకె సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "ఏమండీ, మళ్లీ మొదలెట్టారా? ఏమీ అనుకోకమ్మా, రెండు గ్లాసులు పడితే ఈయనింతే."

"కూర్చోండి సార్, కాఫీ తెస్తాను," అంది ఆ పిల్ల జాలిగా.

బలవంతంగా ముందుకెళ్లబోతే ఇద్దరు ప్రయాణికులు లేచి పట్టుకుని సీట్లో కుదేశారు. ఫ్రాన్స్ అంతా కిందనుంచి తాపీగా జరిగిపోయింది. విబెకె హాయిగా భోంచేసింది.

అప్పుడు స్పీకర్ మోగింది. వెనకగాలి బాగుందట, ఇరవై నిమిషాలు ముందే దిగుతారట. విబెకె నవ్వు మాయమైంది. గ్రేథె వచ్చేలోపే బయటపడొచ్చని టోర్బెన్‌కి ప్రాణం లేచొచ్చింది.

విమానం దిగింది, ఆగింది. తలుపు తెరుచుకోలేదు.

"ముందే వచ్చేశాం కదా, మన చోటు ఇంకా ఖాళీ కాలేదు. కాస్త ఓపిక పట్టండి," అన్నాడు కెప్టెన్.

కలిసొచ్చిన నిమిషాలన్నీ కిటికీ అవతల వానలో కరిగిపోయాయి. విబెకె తీరిగ్గా లిప్‌స్టిక్ దిద్దుకుంది.

తలుపు తెరవగానే టోర్బెన్ బ్యాగుతో ఉరికాడు. పాస్‌పోర్ట్ కౌంటర్ దగ్గర ఆగి కథంతా చెప్పే వ్యవధి లేదు. గేటు దూకాడు. ఇద్దరు పోలీసులు వెంటపడ్డారు. పడనీ, వాళ్లూ కావాలి.

బయట జెండాల సంత. మధ్యలో బూడిదరంగు కోటులో గ్రేథె. అందరి కళ్లూ తలుపు మీదే. ఒక్కడు మాత్రం వెనకనుంచి ఆవిడ మెడకేసే చూస్తున్నాడు. వాడి జెండా కిందికి వాలుతోంది.

టోర్బెన్ బ్యాగు విసిరాడు. వాడి చేయి విరిగింది, బ్యాగులోని వైన్ సీసాలు భళ్లుమన్నాయి. మీదపడ్డ పోలీసులు "నన్ను కాదు, వాణ్ణి!" అన్న అతని కేక విని, కర్ర చివర సూది చూసి, ఇద్దరికీ బేడీలు వేశారు. కాసేపటికి సింగారించుకుని వచ్చిన విబెకెకు, టోర్బెన్ గడ్డంతో చూపించగానే, మూడో జత దొరికింది.

గ్రేథె వైన్‌లో తడిసిన తన బూట్లు చూసుకుంది. "విమానం ముందే వచ్చిందన్నారే టోర్బెన్. నువ్వెందుకయ్యా ఇంతసేపు?"