ఎలుగుబంటి అంచు

నాగర్‌కర్నూల్ బస్టాండులో అచ్చంపేట బస్సు ఎక్కబోతున్న వెంకటయ్య, దోమ కుట్టినట్టు మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి దించకుండానే కూలబడ్డాడు. మెడలో దిగింది విషపు సూది. టైమ్ ఉదయం పదకొండు.

ఇరవై నిమిషాల తర్వాత, బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులోకి ఆకుపచ్చ చుడీదార్ వేసుకున్న యువతి వచ్చింది. కౌంటర్ వెనుక మనిషి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏవన్న నాలుగు అంకెలు చెప్పు."

"ఏవి చెప్పినా ఆఖరికి 6174కే వస్తయి సార్."

అది నిజమే. అన్నీ ఒకటే కాని ఏ నాలుగు అంకెలైనా తీసుకోండి. పెద్దది ముందు పెట్టి ఒకసారి, చిన్నది ముందు పెట్టి ఒకసారి రాసి తీసివేయండి. వచ్చినదాన్ని మళ్ళీ అలాగే చేయండి. మహా అయితే ఏడుసార్లలో 6174 దగ్గర ఆగిపోతుంది. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ కనిపెట్టిన వింత అది. కనిపెట్టింది మనవాడే అయినా మనవాళ్ళలో చాలామందికి తెలియదు కాబట్టి గూఢచారి బ్యూరో దాన్ని నిశ్చింతగా కోడ్‌వర్డ్ చేసుకుంది.

షాపు వెనుక గదిలో బ్యూరో చీఫ్ మధుసూదన్ నేరుగా విషయంలోకి వచ్చాడు.

"వెంకటయ్య మన ఇన్ఫార్మర్. గద్వాలల మగ్గాల అట్టలకు రంధ్రాలు కొట్టేటోడు. ఆయన జేబుల ఇది దొరికింది."

బల్ల మీద వరసగా రంధ్రాలున్న పొడవాటి అట్టముక్క పెట్టాడు. ఆకుపచ్చ చుడీదార్ యువతి, ఏజెంట్ లహరి, దాన్ని వెలుగుకు ఎత్తి చూసింది.

"జకార్డ్ కార్డు. కంప్యూటర్‌కు తాత లాంటిది" అన్నాడు చీఫ్. "రంధ్రం ఉన్నకాడ పోగు లేస్తది, లేనికాడ లేవదు. రెండు వందల ఏండ్ల కింద ఫ్రాన్స్‌ల పుట్టింది. అది చూసే తర్వాత లెక్కల మిషన్లోళ్ళు పంచ్ కార్డు పట్టుకున్నరు. ఇప్పుడు మన సీక్రెట్ ఫైల్‌ను దీనిలకెక్కించిన్రు."

"ఏ ఫైల్ సార్?"

"విదేశాలల్ల మనకు పనిచేస్తున్న పదకొండు మంది లిస్ట్." మధుసూదన్ గొంతు తగ్గించాడు. "నాలుగో పేరు సతీష్."

సతీష్ లహరి తమ్ముడు. ఆ లిస్ట్ బయటపడితే వాడికి తెల్లవారదు.

చీఫ్ బ్రీఫింగ్ ఆపలేదు. హెల్మర్ అనే విదేశీయుడు ఊళ్ళ ముద్రలు, అంటే నగర చిహ్నాలు, సేకరించే పండితుడి వేషంలో దిగాడు. ఆ ముద్రలన్నీ అంచులో వచ్చేటట్టు గద్వాలలో చీర నేయిస్తున్నాడు. ప్రతి ముద్రా ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, ఎదురెదురుగా ఉంటుంది. రెండింటి బొమ్మల్లో అక్కడక్కడ చిన్న చిన్న తేడాలు పెట్టారు. ఆ తేడాలు చదివితే పేర్లు వస్తాయి. బ్యూరో కళ్ళు ఫోన్ల మీద, మెయిళ్ళ మీద, పెన్‌డ్రైవ్‌ల మీద ఉన్నాయి. చీర అంచు మీద ఎవరికి అనుమానం వస్తుంది?

"హెల్మర్ గ్యాంగ్‌ల మన డబుల్ ఏజెంట్ ఉంది. శిల్ప. టీవీ క్విజ్ షోల ప్రశ్నలడిగే శిల్ప. చీర కారుల హైదరాబాద్ పోతదని చెప్పింది, టీములన్నీ ఆ రోడ్డు మీద పెట్టిన. నేసినాయన ఇల్లు శిల్పకు గూడ తెల్వదంట. వెంకటయ్య చెప్తెనే తెల్సింది. నువ్వు పోయి అట్టలు పట్టుకరా."

వెంకటయ్య ఫోన్‌లో దొరికిన డిజైన్ ఫోటో ఒకటి, కుంకుమ భరిణె ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. భరిణె మూత నొక్కితే వంద అడుగుల లోపల ప్రతి సిగ్నల్ చచ్చిపోతుంది.

గద్వాలలో ఆ చీర నేసిన రామచంద్రయ్య ఇంటికి చేరేసరికి ఒకటిన్నర. మగ్గం ఖాళీగా ఉంది. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ గడపలో కూర్చుని దారపు కండెలు చుడుతోంది.

"పెద్దమ్మా, పెద్దనాయిన ఏడున్నడు?"

"వనపర్తికి పోయిండు బిడ్డా. ఆడ కాలేజీల సన్మానమంట. చీర తనే పట్టుకపోయిండు, ఎవ్వరి చేతికియ్యడు. పసుపు కుంకుమ పెట్టి తనే ఇస్తడు, గది ఆయన పట్టు. ఫోన్ గూడ మర్చిపోయిండు."

"అట్టలు ఎవరిచ్చిన్రు?"

"టీవీల ప్రశ్నలడుగుతది గద, ఆమెనే. మంచిగుంటది పిల్ల. నోరే మంచిది గాదు. అట్టలల్ల ఒక్క రంధ్రం మార్చినా ఊకోనని మీది మీదికి వచ్చింది. ఇగ ఈయన రెండు దినాలు అన్నం ముట్టలే. గంజి గిన్నె, కాయితం ముక్కలు ముందటేసుకొని కూసున్నడు. అడిగితే కసిరిండు."

మగ్గం ఇంటి గుమ్మం కూడా శిల్ప చూడలేదన్న మాట అబద్ధం. లహరికి అంతకుమించి వినే తీరిక లేదు. జీపు ఎక్కుతూనే చీఫ్‌కు ఫోన్ చేసింది.

"శిల్ప మనది కాదు సార్. చీర వనపర్తిల ఉన్నది."

చీఫ్ పళ్ళు కొరికిన శబ్దం. "నాలుగు గంటలకు ఆ కాలేజీల శిల్ప నడిపే వింతల క్విజ్ ఉన్నది. లైవ్ టెలికాస్ట్! చీర కెమెరా ముందల విప్పుతరు, అటు దిక్కు కూసున్నోడు చదువుకుంటడు. టీములు తిరిగొచ్చేసరికి నాలుగు దాటుతది."

"లోకల్ పోలీసులు?"

"హాల్‌ల ఆరు వందల మంది పిల్లలు. యూనిఫాం కనబడితే శిల్ప ఏమైనా చేస్తది. విను. ఆ లైవ్ చూసేటోని లైన్ నలభై సెకండ్లు నిలబడితే అటు దిక్కు అడ్డా ఏడుందో ట్రేస్ చేయొచ్చు. కానీ అంతల పేర్లన్నీ పోతయి. గది మనకొద్దు. చీర విప్పంగనే కట్ చెయ్."

నాలుగింటికి లహరి కళ్ళజోడు పెట్టుకున్న లెక్చరర్ వేషంలో పోటీదారుల బల్ల దగ్గర ఉంది. ముందు బజర్, పక్కన భరిణె, చెవిలో చీఫ్. స్టేజీ మీద హెల్మర్ చిరునవ్వు. ఆ పక్కన రామచంద్రయ్య, ఒళ్ళో చీర. మైకు పట్టుకుని మెరిసిపోతూ శిల్ప.

"కోటను మోసే ఏనుగు ఏ ఊరి ముద్ర?"

"కోవెంట్రీ!" అన్నాడొకడు.

"కత్తి పట్టిన మత్స్యకన్య?"

"వార్సా!"

"ఆఖరి ప్రశ్న. అణువును రెండు చేతులతో చీల్చే ఎలుగుబంటి?"

ఎవరూ పలకలేదు. లహరి బజర్ కొట్టింది.

"జెలెజ్నోగోర్స్క్. రష్యాలో అణుబాంబులకు ప్లుటోనియం తయారుచేసిన ఊరు. ఏళ్ళ తరబడి మ్యాపులోనే పెట్టలేదు. దాచిపెట్టిన ఊరి గుట్టు దాని ముద్రే చెప్పేసింది మేడం. ఎంత దాచినా అంతే."

శిల్ప ఆమెను గుర్తుపట్టింది. మైకు కొస మెల్లగా లహరి గుండె వైపు తిరిగింది. అందులో పిస్టల్ ఉందని లహరికి అర్థమైంది.

"కరెక్ట్ ఆన్సర్" అంది శిల్ప తీయగా. "ఇక చీర."

రామచంద్రయ్య పసుపు కుంకుమ అద్ది చీర అందించాడు. చీర విచ్చుకుంది. కెమెరా దగ్గరికి జరిగింది.

"కట్ చెయ్!" చెవిలో చీఫ్ అరిచాడు.

లహరి వేలు భరిణె మూత మీదికి వెళ్ళింది. అప్పుడే ఆమె కళ్ళు అంచు మీద పడ్డాయి. వెంకటయ్య ఫోటోలో ఎడమ ఎలుగుబంటికి ఒక గోరు ఎక్కువ, కుడిదానికి చెవి తక్కువ. ఇక్కడ రెండూ అచ్చు ఒక్కలాగే ఉన్నాయి. ఏనుగులకు చెరి నాలుగు కాళ్ళు. మత్స్యకన్యలకు ఒకే పొడుగు కత్తులు. గంజి గిన్నె, కాయితం ముక్కలు!

ఈ ముసలాయన తేడాలను తప్పులనుకుని ఆ రంధ్రాలన్నీ గంజితో కాయితం అంటించి మూసేశాడు. కొత్తవి కొట్టాడు. మార్చొద్దని శిల్ప మీదికొచ్చినందుకు మరీ పంతంగా చేశాడు.

కానీ అన్నీ సరిచేశాడా? ఒక్క ముద్ర మరిచిపోయి ఉంటే? ఆ ఒక్కటీ నాలుగోదైతే? తమ్ముడి మొహం లహరి కళ్ళ ముందు మెదిలింది.

"లహరీ! ఆర్డర్ ఇది! కట్!"

"చెయ్యను సార్" అని గొణిగి ఆమె మూత మీద నుంచి వేలు తీసేసింది. "ట్రేస్ చేసుకోండి."

పది. ఇరవై. ముప్ఫై. మైకు కొస కదల్లేదు. ముప్ఫై తొమ్మిది. నలభై.

"దొరికిన్రు!" చీఫ్ కేక పెట్టాడు.

అదే క్షణంలో హెల్మర్ ఫోన్ మోగింది. వింటున్నకొద్దీ ఆయన మొహం పాలిపోయింది. "నథింగ్? ఒక్క అక్షరం కూడా లేదా?" శిల్ప తిరిగి చూసింది. ఆ అరక్షణం చాలు. లహరి బజర్ పెట్టె పీకి విసిరింది. మైకు ఎగిరిపోయి పిస్టల్ పైకప్పులోకి పేలింది. పిల్లలు బల్లల కింద దూరారు. హెల్మర్ చీర తొక్కుతూ పరుగు లంకించుకున్నాడు.

"మగ్గం మీద పుట్టిన చీరను బూట్లతోటి తొక్కుతవా!" రామచంద్రయ్య చీర కొస పట్టి ఒక్క గుంజు గుంజాడు. హెల్మర్ వెల్లకిలా పడ్డాడు. అప్పటికే లహరి శిల్ప చెయ్యి వెనక్కి విరిచి పట్టుకుంది.

"ఒక్క రంధ్రం మార్చొద్దని చెప్పిన గద!" శిల్ప ముసలాయన మీద అరిచింది.

"చెప్తివి. గద్వాల పేరు మీద వంకర ఏనుగు పోవాల్నా? నువ్వు కాదు, మీ దొర చెప్పినా నెయ్య!"

హైదరాబాద్ రోడ్డు నుంచి టీములు వచ్చి ఇద్దరినీ తీసుకుపోయాయి. ఆరింటికి లహరి ఫోన్‌కు తెలియని నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. నాలుగే అంకెలు: 6174. సతీష్ క్షేమం. ఆమె మెట్ల మీదే కూర్చుని, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చింది.

రామచంద్రయ్య చీర మడత పెట్టుకుంటూ పక్కకు వచ్చాడు.

"బిడ్డా, ఒక్కటడుగుత. గా ఎలుగుబంటి చేతులల్ల ఉన్నది ఏంది?"

"అణువు పెద్దనాయినా. చీలిస్తే ఊర్లకు ఊర్లే లేచిపోతయి."

"గట్లనా? నేను తేనెపట్టనుకున్న. ఈగలు మర్చిపోయిన్రేమో అని అటు రెండు, ఇటు రెండు నేసిన."

ఫైలు మూసేముందు మధుసూదన్ ఆపరేషన్‌లో పాల్గొన్న సిబ్బంది పేర్ల కింద ఆ నాలుగు తేనెటీగలను కూడా రాసుకున్నాడు.